కంపెనీల వేలంపాటలో నగరాలు... పడమటి ప్రకాశానికి చోటెక్కడ?

* విశాఖలో ఎకరా 99 పైసలు
* ఎకరాలుండీ ఎదురుచూపుల్లోనే దొనకొండ
* నీరు చేరాకే పెనుకొండకు కియా

ముండ్లమూరు: అద్దంకి-దర్శి రహదారిపై ఉన్న ముండ్లమూరు పేరు రాష్ట్రస్థాయి వార్తల్లో తరచుగా కనిపించేది కాదు. 2024 డిసెంబరులో వరుసగా స్వల్ప భూప్రకంపనలు వచ్చినప్పుడు మాత్రం కొన్నాళ్లపాటు మార్మోగింది. ఆ తర్వాత ఏడాది తిరగకముందే రాష్ట్రమంతటా చర్చకు వచ్చిన విషయం వేరు. దేశ విదేశీ సంస్థల ప్రాంగణాల కోసం రాష్ట్రాలు, నగరాలు ఒకదానిమీద ఒకటి పాడుతున్న వేలంపాట అది. ఈ పాటతో ముండ్లమూరుకు ఏం సంబంధమని అనిపించవచ్చు. మండలంలో ఇంజినీరింగు పూర్తిచేసిన యువకుడు ఉద్యోగం కోసం ఎక్కే బస్సు హైదరాబాదుదో బెంగళూరుదో అయినంతకాలం సంబంధం ఉన్నట్టే. గెలిచిన నగరానికి ఇచ్చే రాయితీ రాష్ట్ర ఖజానాదే గనుక, అందులో మారెళ్ల, పులిపాడు, వేంపాడు రైతుల వాటా కూడా ఉన్నట్టే.

విశాఖలో ఐటీ కొండపై టీసీఎస్‌కు 21.16 ఎకరాలను ఎకరా 99 పైసల నామమాత్రపు ధరకు కేటాయించాలని 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. సంస్థ 1,370 కోట్ల రూపాయల పెట్టుబడి పెట్టి 12 వేల మందికి ఉద్యోగాలు కల్పిస్తుందని ప్రభుత్వం ప్రకటించింది. కాగ్నిజెంట్‌కు కాపులుప్పాడలో ఇచ్చిన స్థలానిదీ అదే ధర. లెక్క వేసి చూస్తే టీసీఎస్ స్థలం మొత్తం ధర 21 రూపాయలకు మించదు. ముండ్లమూరు సెంటరులో ఇద్దరు టీ తాగితే అంతే ఖర్చు. ఆ ఏడాది అక్టోబరు 14న గూగుల్ సంస్థ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో విశాఖలో కృత్రిమ మేధ కేంద్రం, భారీ డేటా సెంటర్ నెలకొల్పుతామని ప్రకటించింది. ఆ వెంటనే పొరుగు రాష్ట్రాల్లో కలకలం రేగింది. ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన రాయితీలు వేల కోట్లలో ఉన్నాయని కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే విమర్శించారు. తమిళనాడులో ప్రతిపక్షాలు సొంత ప్రభుత్వాన్నే నిలదీశాయి.

పొరుగువారి అసూయను మన విజయానికి కొలమానంగా చూపడం పాలకులకు అలవాటే. అయితే వేలంలో పాట పాడినవాడు పొరుగువాడి ముఖం చూసి సంతోషించే ముందు తాను ఎంతకు పాడాడో చూసుకోవాలి.

అమెరికా అనుభవం

ఇలాంటి పోటీల్లో ప్రపంచమంతా చూసినది అమెజాన్ రెండో ప్రధాన కార్యాలయం కోసం జరిగిన పోటీ. సియాటిల్ కేంద్రంగా ఉన్న ఆ సంస్థ 2017 సెప్టెంబరులో మరో ప్రధాన కార్యాలయం కట్టదలచామని, 500 కోట్ల డాలర్ల పెట్టుబడి, 50 వేల ఉద్యోగాలు ఉంటాయని, ఎవరేమిస్తారో చెప్పాలని బహిరంగంగా అడిగింది. ఉత్తర అమెరికా నలుమూలల నుంచి 238 ప్రతిపాదనలు వచ్చిపడ్డాయి. జార్జియాలోని స్టోన్‌క్రెస్ట్ అనే చిన్న పట్టణం తన భూమిలో 345 ఎకరాలు వేరుచేసి దానికి అమెజాన్ అనే పేరే పెడతామన్నది. ఎడారి ప్రాంతపు టూసాన్ నుంచి 21 అడుగుల నాగజెముడు చెట్టును కానుకగా పంపారు. సంస్థ దాన్ని స్వీకరించలేదు. పేరులోనే ముండ్లున్న ముండ్లమూరు కూడా అంతకంటే మంచి కానుకే పంపగలిగేదేమో!

తీరా 2018 నవంబరులో వెలువడిన ఫలితం చూస్తే, గెలిచినవి న్యూయార్కు, దేశ రాజధాని పక్కనే ఉన్న ఆర్లింగ్టన్. అప్పటికే విద్యావంతులు, విమానాశ్రయాలు, పెట్టుబడి పుష్కలంగా ఉన్న చోట్లవి. కంపెనీ అవసరం అత్యధికంగా ఉన్న పట్టణాలు పట్టికలో ఎక్కడో అడుగున మిగిలాయి. న్యూయార్కు ఇవ్వజూపిన రాయితీలు సుమారు 300 కోట్ల డాలర్లు. ఇంత సంపన్న సంస్థకు ప్రజాధనం ఎందుకని అక్కడి ప్రజాప్రతినిధులు, కార్మిక సంఘాలు ప్రశ్నించాయి. 2019 ఫిబ్రవరిలో అమెజాన్ న్యూయార్కు ప్రణాళికను విరమించుకుంది. ఆర్లింగ్టన్‌లో మొదటి దశ భవనాలు 2023లో తెరుచుకున్నా రెండో దశ నిర్మాణాన్ని అదే ఏడాది వాయిదా వేసింది.

మన రాష్ట్రాల పాఠకులు గమనించదగినది మరొకటి. అమెరికాలో ఈ తతంగం ముగిసిన కొద్ది నెలలకే, 2019 ఆగస్టులో, అదే అమెజాన్ హైదరాబాదులో 15 వేల మంది పనిచేయగల ప్రాంగణాన్ని ప్రారంభించింది. అమెరికా వెలుపల ఆ సంస్థ సొంతంగా నిర్మించుకున్న తొలి ప్రాంగణమది. దానికోసం 238 నగరాలు పోటీ పడలేదు. 2004 నుంచి అక్కడ సంస్థ పనులు సాగుతున్నాయి, మనుషులు దొరుకుతున్నారు, కాబట్టి కట్టుకుంది. ఆ దొరికిన మనుషుల్లో మన జిల్లా పల్లెల నుంచి వెళ్లినవారూ ఉన్నారు.

మనం మోసపోయిన సందర్భం

పోటీలో తొందరపడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికా దాకా పోనక్కరలేదు. జర్మనీకి చెందిన వోక్స్‌వ్యాగన్ కార్ల కర్మాగారాన్ని విశాఖకు రప్పించాలని 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉవ్విళ్లూరింది. మహారాష్ట్ర, తమిళనాడు కూడా బరిలో ఉన్నాయి. ఆ ఆత్రంలో కర్మాగారంలో వాటా కోసమంటూ వశిష్ఠ వాహన్ అనే సంస్థకు 11 కోట్ల రూపాయలకు పైగా చెల్లించారు. ఆ సంస్థకూ తమకూ సంబంధం లేదని వోక్స్‌వ్యాగన్ చెప్పడంతో అసలు సంగతి బయటపడి, వ్యవహారం సీబీఐ దర్యాప్తు దాకా వెళ్లింది. చివరకు 2006లో ఆ సంస్థ పుణె సమీపంలోని చాకణ్‌ను ఎంచుకుంది. కారు రాలేదు సరికదా, కట్టిన సొమ్ము కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

ఇప్పటి ఒప్పందాలను దానితో పోల్చడం సరికాదు. టీసీఎస్, గూగుల్ వంటివి ఊరూపేరూ లేని సంస్థలు కావు. కాని ఒక పోలిక మాత్రం మిగిలే ఉంది. ఇచ్చేది ముందుగా తేలిపోతుంది, వచ్చేది తర్వాత తేలుతుంది. పైగా డేటా సెంటర్లో పెట్టుబడి అంకె ఎంత పెద్దదో ఉద్యోగాల అంకె అంత పెద్దది కాదు. యంత్రాల గదులకు కావలసింది ముఖ్యంగా విద్యుత్తు, చల్లదనం. నిర్మాణం జరిగినన్నాళ్లు కూలీలకు పని దొరికినా, తర్వాత నడిపించడానికి కొద్దిమంది చాలు.

పడమటి మండలాల కథ

ముండ్లమూరుకు దగ్గరలోని దొనకొండది వేరే వరుస. రెండో ప్రపంచయుద్ధ కాలపు విమానాశ్రయ స్థలం అక్కడుంది. మీటరుగేజి రోజుల్లో గుంటూరు-గుంతకల్లు మార్గంలో లోకోషెడ్డుతో, రైల్వే కాలనీతో కళకళలాడిన ఊరది. 2014లో రాష్ట్ర విభజన సమయంలో కొత్త రాజధాని ఎక్కడన్న చర్చలో దొనకొండ పేరు గట్టిగా వినిపించింది. ప్రభుత్వ భూమి విస్తారంగా ఉండటమే అందుకు కారణం. కార్లలో వచ్చి పొలాలు చూసి బయానాలిచ్చి పోయినవారికి లెక్కలేదు. ఆ సెప్టెంబరులో విజయవాడ పరిసరాల్లోనే రాజధాని అని శాసనసభలో ప్రకటన వెలువడగానే ఆ ధరలూ దిగాయి, ఆ కార్లూ రావడం మానేశాయి. తర్వాత పారిశ్రామిక కేంద్రం అన్నారు. వేలాది ఎకరాలు గుర్తించారు. రాజధాని పోటీలో ఓడిన ఊరికి ఊరట బహుమతిగా ఇచ్చిన మాట అది. ఆ మాటకు తగిన భారీ పరిశ్రమ మాత్రం ఇంతవరకు రాలేదు.

కనిగిరి ప్రాంతంలో పామూరు, పెదచెర్లోపల్లి మండలాల్లో 14 వేల ఎకరాలకు పైగా విస్తీర్ణంలో జాతీయ పెట్టుబడులు, ఉత్పత్తుల మండలి ప్రతిపాదన కూడా దాదాపు ఇదే దారి పట్టింది. దేశంలో తుది ఆమోదం దక్కిన అతికొద్ది మండలుల్లో ఇది ఒకటని చెప్పుకోవడమే తప్ప, కర్మాగారాల పొగగొట్టాలు కనిపించలేదు. 2025 ఏప్రిల్‌లో పెదచెర్లోపల్లి మండలం దివాకరపల్లి వద్ద రిలయన్స్ బయోగ్యాస్ కర్మాగారానికి మంత్రి నారా లోకేశ్ శంకుస్థాపన చేయడం ఈ ప్రాంతంలో ఇటీవలి కాలపు చెప్పుకోదగిన కదలిక. బీడు భూముల్లో గడ్డి పెంచి ఇంధనం తీసే ఈ ఆలోచన నేల స్వభావానికి తగినదే.

అన్నింటికంటే రైతుకు దగ్గరైనది కాగితపు మిల్లు వ్యవహారం. సుబాబుల్, జామాయిల్ తోటలు రాష్ట్రంలో ఎక్కువగా ఉన్న జిల్లాల్లో ప్రకాశం ఒకటి. దర్శి, అద్దంకి ప్రాంతాల్లో నీరు చాలని పొలాల్లో రైతులు ఈ కర్రనే నమ్ముకున్నారు. కొట్టిన కర్ర రాజమహేంద్రవరం, భద్రాచలం వైపు మిల్లులకు పోవాలి. కొనుగోలుదారులు కొద్దిమందే కావడంతో ధర చెప్పేది వారే, రవాణా ఖర్చు పడేది రైతు మీదే. ఈ దశలో 2019 జనవరిలో, అప్పటికి ప్రకాశం జిల్లాలోనే ఉన్న రామాయపట్నం వద్ద, ఇండొనేసియాకు చెందిన ఆసియా పల్ప్ అండ్ పేపర్ సంస్థ 24,500 కోట్ల రూపాయలతో నిర్మించతలపెట్టిన భారీ మిల్లుకు ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు శంకుస్థాపన చేశారు. సుబాబుల్ రైతుకు ఇంటి ముంగిటికే మిల్లు వస్తోందన్న ఆశ కలిగింది. ఆ ఏడాదే ప్రభుత్వం మారింది. మిల్లు రాలేదు. ఎవరిది తప్పన్నదానిపై రెండు పార్టీలూ ఒకదాన్నొకటి నిందించుకున్నాయి. రైతుకు కావలసింది ఆ వాదోపవాదం కాదు.

అదే రామాయపట్నం ఇప్పుడు బీపీసీఎల్ చమురుశుద్ధి కర్మాగారంతో మళ్లీ వార్తల్లోకి వచ్చింది. మచిలీపట్నం, శ్రీకాకుళం జిల్లా మూలపేట కూడా పరిశీలనకు వచ్చినా, చివరకు రామాయపట్నం వైపు మొగ్గు చూపారు. ఓడరేవు నిర్మాణంలో ఉండటం, సుమారు ఆరు వేల ఎకరాలు సమకూరే అవకాశం ఉండటం కలిసివచ్చాయి. 2022 ఏప్రిల్ పునర్విభజనలో ఆ తీరం నెల్లూరు జిల్లాకు వెళ్లింది. 2025 చివరన సరిహద్దులు మరోసారి మారి, మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. జిల్లా గీత ఎటు జరిగినా ముండ్లమూరు నుంచి రామాయపట్నానికి దూరం మారలేదు. అక్కడ పనికి కుదరాలంటే వెల్డింగు, పైపు అమరిక, విద్యుత్తు పనుల్లో శిక్షణ పొంది ఉండాలి. ఆ శిక్షణ కర్మాగారం కట్టాక మొదలుపెడితే బయటి రాష్ట్రాల కార్మికులే ముందు చేరతారు.

పెనుకొండకు ఎందుకు దక్కింది?

పడమటి ప్రకాశం నాయకులు శ్రద్ధగా చదవవలసినది కియా కథ. దక్షిణ కొరియా సంస్థ కియా 2017 ఏప్రిల్ 27న అనంతపురం జిల్లా పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కర్మాగారం కోసం రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, ఏటా మూడు లక్షల వాహనాల సామర్థ్యం. తమిళనాడు చేతిలోనే ఉందనుకున్న పరిశ్రమ అది. సోదర సంస్థ హ్యుందాయ్ చెన్నై పక్కనే ఉంది, విడిభాగాల సరఫరాదారులంతా అక్కడే ఉన్నారు. అయినా దేశంలోనే అత్యల్ప వర్షపాతం గల జిల్లాల్లో ఒకటైన అనంతపురానికి వచ్చింది.

రాయితీలు ఇచ్చారు, నిజమే. చెన్నై-బెంగళూరు మార్కెట్లకు దగ్గర, జాతీయ రహదారి పక్కనే స్థలం, ఇవీ నిజమే. కాని వాటికంటే ముందు జరిగినది మరొకటుంది. హంద్రీ-నీవా పథకం ద్వారా కృష్ణా జలాలు శ్రీశైలం నుంచి ఎత్తిపోతలతో గొల్లపల్లి జలాశయానికి 2016 చివరన చేరాయి. ఎర్రమంచి దానికి కూతవేటు దూరం. నీళ్లు వచ్చిన కొద్ది నెలలకే ఒప్పందం జరిగింది. 2019 డిసెంబరులో కర్మాగారాన్ని లాంఛనంగా ప్రారంభించినది మరో పార్టీ ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి. ప్రభుత్వం మారినా కియా నిలిచింది, కాగితపు మిల్లు నిలవలేదు. ఒకటి అప్పటికే ఉత్పత్తి మొదలుపెట్టింది, రెండోది శిలాఫలకం దగ్గరే ఉంది. వేగం కూడా ఒక రక్షణే.

ఆ కొలతతో చూస్తే దొనకొండకు లేనిదేమిటో తెలుస్తుంది. భూమి ఉంది, రైలుంది, నీరు లేదు. వేసవిలో తాగునీటికే ట్యాంకర్లు తిరిగే చోట, ఫ్లోరైడు నీటితో కనిగిరి పరిసరాల ప్రజలు ఎముకలు, మూత్రపిండాలు పాడుచేసుకుంటున్న చోట పరిశ్రమకు నీరిస్తామంటే నమ్మేదెవరు? శ్రీశైలం నుంచి 43.5 టీఎంసీల వరద నీటిని తెచ్చి నాలుగు లక్షల ఎకరాలకు పైగా తడపాలన్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో పునాదిరాయి పడింది. 2004 తర్వాత పనులు ఊపందుకున్నాయి. నల్లమల కొండల కింద దాదాపు 19 కిలోమీటర్ల చొప్పున తవ్వవలసిన రెండు సొరంగాల్లో మొదటిది 2021లో, రెండోది 2024లో పూర్తయ్యాయి. 2024 మార్చిలో ప్రారంభోత్సవమూ జరిగింది. కాలువల పనులు, ముంపు గ్రామాల నిర్వాసితులకు పరిహారం అప్పటికీ మిగిలే ఉన్నాయి. మూడు దశాబ్దాల్లో ముఖ్యమంత్రులు మారారు, అంచనాలు పెరిగాయి.

ముండ్లమూరు మండలానికి సాగర్ కుడికాలువ నీరు అందుతున్నా, చివరి భూముల పరిస్థితి ఏ రైతునడిగినా చెబుతాడు. సాగర్ నీరు, వెలిగొండ నీరు రెండూ స్థిరపడితే తప్ప దర్శి-దొనకొండ-కనిగిరి ప్రాంతం పోటీలో దిగినట్టు కాదు. రైలు సంగతి కొంత మెరుగు. పిడుగురాళ్ల సమీపంలోని నడికుడి నుంచి వినుకొండ, దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు మీదుగా శ్రీకాళహస్తికి వెళ్లే 309 కిలోమీటర్ల కొత్త మార్గం అంచెలంచెలుగా సాగుతోంది. అది పూర్తయితే పడమటి మండలాల సరుకు ఒంగోలు చుట్టు తిరగకుండానే చెన్నై వైపు పోగలదు.

కార్యాలయం తరలిపోతే...

ప్రధాన కార్యాలయం అనేది గౌరవానికి సంబంధించిన విషయం మాత్రమేనని కొందరి వాదన. బ్యాంకుల చరిత్ర చూస్తే అది సరికాదనిపిస్తుంది. ప్రకాశం జిల్లా రైతులకు రుణాలిచ్చిన పినాకినీ గ్రామీణ బ్యాంకు నెల్లూరు కేంద్రంగా ఉండేది. 2006లో మరో రెండు బ్యాంకులతో కలిపి ఆంధ్రప్రగతి గ్రామీణ బ్యాంకుగా మార్చినప్పుడు కేంద్రం కడపకు పోయింది. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులనూ విలీనం చేసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకును అమరావతి కేంద్రంగా ఏర్పరచారు. కడపలోనే ఉంచాలని రాయలసీమ నుంచి గట్టి డిమాండు వచ్చినా ఫలించలేదు. మచిలీపట్నంలో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020లో ముంబయి కేంద్రంగా ఉన్న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. శాఖలు ఊళ్లోనే ఉన్నాయి, లావాదేవీలు ఆగలేదు. కాని ఏ పంటకు ఎంత అప్పు, ఏ ప్రాంతానికి ఎంత లక్ష్యం అని నిర్ణయించే అధికారి కూర్చునే చోటు అంచెలంచెలుగా దూరమైంది. పడమటి ప్రకాశం రైతు తన గోడు చెప్పుకోవాలంటే నెల్లూరు పోవడం వేరు, అమరావతి పోవడం వేరు.

ఈ లెక్కన విశాఖకు పెద్ద సంస్థలు రావడాన్ని తప్పుపట్టనక్కరలేదు. రాష్ట్రానికి ఒక పెద్ద నగరమైనా లేకపోతే ముండ్లమూరు కుర్రవాడు ఇంకా దూరం పోవలసి ఉంటుంది. తప్పుపట్టవలసింది ఒప్పందాల షరతులు జనానికి తెలియకుండా ఉండటాన్ని. ఎన్ని ఉద్యోగాలు, ఏ గడువులో, అందులో రాష్ట్ర యువతకు ఎన్ని, గడువు తప్పితే భూమి వెనక్కి తీసుకుంటారా, విద్యుత్తు సుంకంలో, పన్నుల్లో వదులుకున్న మొత్తమెంత అన్నది ఏటా శాసనసభ ముందుంచితే చాలా అనుమానాలు తీరతాయి. ఒక నగరానికి వదులుకున్న పన్ను ఎంతో తెలిస్తే, వెలిగొండ కాలువలకు ఆ ఏడాది ఇచ్చినది ఎంతో పక్కన పెట్టి చూసుకోవచ్చు. జిల్లా ప్రజాప్రతినిధులు ఆ రెండు అంకెలనూ అడగవలసి ఉంది. పరిశ్రమ కావాలని వినతిపత్రాలిచ్చిన వారెందరో ఉన్నారు గాని, ఈ లెక్క అడిగినవారు కనిపించడం లేదు.

రామాయపట్నంలో కాగితపు మిల్లుకు రాయి వేసిన 2019 జనవరి నాటికి నాటిన సుబాబుల్ మొక్కలు ఆ తర్వాత ఏపుగా ఎదిగి కోతకు వచ్చాయి. మిల్లు లేదు గనుక ఆ కర్ర కూడా లారీలెక్కి గోదావరి ఒడ్డు మిల్లులకే పోవలసి వచ్చింది.